సాంచెల ఇంటి నుంచి నర్సరీకి

మా ఇంట్లో అందరికన్నా గట్టిగా మాట్లాడే మనిషికి మూడేళ్ల మూడు నెలలు. పొద్దున లేవగానే "బాపూ, లేచిన!" అని ఒక్క కేక వేస్తే కోరుట్లలో మా గల్లీ మొత్తానికి తెల్లవారుతుంది. పాలు తాగితే చెబుతుంది, పాలు తాగనని చెబుతుంది, చీమ కనబడితే దాన్ని పిలిచి మరీ చెబుతుంది. పక్కింటి పెద్దమనిషి ఒకరోజు నాతో, "మీ బిడ్డ ఉండంగ మాకు గడియారం ఎందుకు సార్" అన్నాడు. అది మెచ్చుకోలో ఫిర్యాదో తెలియక నవ్వి ఊరుకున్నాను.

నిజానికి ఆ గొంతు మాది కాదు, సిరిసిల్లది. నా భార్య జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను మల్లాపూర్ మండలాఫీసులో చిన్న ఉద్యోగిని. పొద్దున ఆమె ఒక దిక్కు బస్సెక్కితే నేను ఇంకో దిక్కు బండి తీస్తాను. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. పాపకు ఎనిమిది నెలలు నిండేసరికి నా భార్య సెలవులన్నీ అయిపోయాయి. పిల్లను ఎవరు చూసుకోవాలని మేమిద్దరం తలలు పట్టుకుని కూర్చుంటే, మా అత్తమ్మ సిరిసిల్ల నుంచి వచ్చి, పాప బట్టలు సంచిలో సర్దుకుని, పాపను చంకలో వేసుకుని వెళ్లింది. అట్లా రెండున్నరేళ్లు మా బిడ్డ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. మేము ఆదివారాల అమ్మానాన్నలం.

అత్తమ్మ వాళ్లది సాంచెల ఇల్లు. బయటివాళ్లు మరమగ్గాలంటారు, సిరిసిల్లలో సాంచెలు అనే అంటారు. ముందు రెండు గదులు, వెనక గోడకు ఆనుకుని రేకుల కార్ఖానా, అందులో నాలుగు సాంచెలు. మా మామ వాటిని నడుపుతాడు, అత్తమ్మ పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతుంది. సాంచెలు నడుస్తుంటే నేల వణుకుతుంది, గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. ఆ మోతలోనే మా పాప ఉయ్యాల. మోత ఉన్నంతసేపు హాయిగా పడుకునేది. కరెంటు పోయి సాంచెలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడుపు. నేను మొదటిసారి అది చూసినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వాను.

ఈ జూన్‌లో ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న ఒక బడిలో నర్సరీలో చేర్పించాలని పాపను తెచ్చుకున్నాం. మొదటి రోజు నర్సరీ గది చూస్తే నాకే భయమేసింది. గోడల నిండా జిరాఫీలు, ఏనుగులు, వాటి కింద ముప్పై మంది పిల్లలు, ముప్పై రకాల ఏడుపులు. ఒకడు గేటు కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాడు, ఒకమ్మాయి తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. మా బిడ్డ గుమ్మంలో నిలబడి ఆ రణగొణధ్వని అంతా ఒకసారి కలియజూసింది. తర్వాత సొంతింట్లో అడుగుపెట్టినట్టు లోపలికి నడిచి, బ్యాగు మూలన పెట్టి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్క చుక్క కన్నీరు లేదు. కాకి పిల్ల కాకికి ముద్దే కానీ, ఆ పూట మా కాకిపిల్ల నిజంగానే అందరికీ ముద్దొచ్చింది. ఆఫీసులో కనబడిన ప్రతివాళ్లకీ చెప్పాను. పొలం పహాణీ నకలు కోసం వచ్చిన ఒక రైతుకు కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "మంచిగైంది సార్, మరి నా కాయిదం?" అని అడిగాడు.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పాపను తీసుకురావడానికి వెళితే నర్సరీ మేడం నన్ను ఆగమంది. చిన్న వయసు, బీర్పూర్ నుంచి వచ్చి ఇక్కడ అద్దెకుంటోంది, నెమ్మదైన మనిషి.

"సార్, పాప ఇంట్ల మాట్లాడుతదా?" అంది.

నాకు నవ్వాగలేదు. "మాట్లాడుడు కాదు మేడం, ఆపుడే కష్టం మాకు."

"ఈడ ఒక్క ముచ్చట లేదు సార్. హాజరుకు పేరు పిలిస్తే పలుకది. ఎనుకనుంచి పిలిస్తే తిరిగి సూడది. ఇంకోటి సార్, టీవీల రైమ్స్ పెడుదామని లైటు బంద్ జేస్తే చాలు, లేచి పోయి చేతులు కడుక్కొని టిఫిన్ డబ్బ తీస్తది. వద్దంటే సుత ఇనది." నా మొహం చూసి, గొంతు తగ్గించింది. "ఏమనుకోకుండ్రి. ఒక్కపారి చెవులు సూపియ్యుండ్రి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా వంశంలో వస్తున్నదే, నేనేం కొత్తగా సంపాదించలేదు. "మా బిడ్డ చెవులకేం కాలేదు మేడం! మీ క్లాసులనే లొల్లి ఎక్కువున్నది!" అని గట్టిగా అనేసి, పాపను బండి ముందర కూర్చోబెట్టుకుని వచ్చేశాను. దారి పొడవునా పాప ఆ రోజు నేర్చుకున్న రైములన్నీ పాడింది. ఒక్క మాట తప్పు పోలేదు.

అయినా మనసులో పురుగు చొరబడింది. ఇంటికి రాగానే టీవీ గట్టిగా పెట్టి, పాప బొమ్మలు చూస్తుండగా వెనక నిలబడి పిలిచాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. తిరగలేదు. మా మామకు ఈ నాలుగైదేళ్లలో చెవులు బాగా మందగించాయి. నలభై ఏళ్లు సాంచెల మధ్య నిలబడిన మనిషి. ఆ మోతలోనే నా బిడ్డను ఉయ్యాలలో ఊపారు కదా అనే ఆలోచన వచ్చింది, అంతే, ఫోన్ తీశాను.

నేను అన్నది రాయాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కానీ రాస్తాను. "మీ సాంచెల మోతల పెట్టి పెంచితే పిల్లకు చెవులుంటయా అత్తమ్మా? మామకు పోయినయి, ఇప్పుడు దానికి పోయినయి!" అన్నాను. ముందు గదిలోంచి మాట్లాడుతోందేమో, ఆమె వెనక సాంచెల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. "మంచి డాక్టరుకు సూపెట్టుండ్రి" అని మాత్రం అంది. ఫోన్ ఆగిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. డ్యూటీ నుంచి వచ్చిన నా భార్యకు సంగతి తెలిసి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"రెండున్నరేండ్లు రెక్కలు ముక్కలు చేసుకొని సాదిన మనిషిని గా మాట అంటవా? నేను సుత గదే మోతల పుట్టి పెరిగిన. నాకు చెవులు లెవ్వా?"

ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే రెండు రోజులు నేను ఏం మాట్లాడినా వినిపించనట్టు తిరిగింది.

మూడో రోజు ముగ్గురం జగిత్యాల వెళ్లాం, చెవి డాక్టరు దగ్గరికి. బస్సులో పాప కిటికీలోంచి కనబడిన ప్రతి బర్రెకూ పేరు పెడుతోంది. లోపల అద్దాల గదిలో పాపను కూర్చోబెట్టి, తలకు పెద్ద ఇయర్ ఫోన్లు పెట్టి, పరీక్ష చేసే అమ్మాయి, "చప్పుడు ఇనవడంగనే చెయ్యి లేపాలె, సరేనా?" అంది. పాప తలూపింది. అద్దం బయట నిలబడి నేను ఆ చిన్న చేతినే చూస్తున్నాను. లేచింది. దిగింది. మళ్లీ లేచింది. ఎంత సన్నని చప్పుడుకైనా ఆ చెయ్యి ఠక్కున లేస్తూనే ఉంది.

బయటికి వచ్చి ఆ అమ్మాయి, "ఇంత చిన్న పిల్లలకు గిది సమజు చేపిచ్చుడే అరగంట పడుతది సార్. ఈమెకు ఒక్కసారి చెప్తే ఐపోయింది, పుట్టినకాంచి అలవాటు ఉన్నట్టే చేసింది" అంది. డాక్టరు కాగితం చూసి, "చెవులు బంగారం లెక్క ఉన్నయి, ఇంటికి పోండ్రి" అన్నాడు. నేను వరండాలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. నా భార్య రెండు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "ముక్కు తుడుచుకో" అంది.

సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. రెండు సంగతులు అట్లాగే ఉన్నాయి. ఒకటి, చెవులు బాగుంటే బడిలో ఎందుకు పలకడం లేదు? పరీక్ష కాగితం చూసి మేడం సంతోషించింది కానీ, "మరి ఇంకో ఏడాది ఇంట్లనే ఉంచుకుంటే మంచిగుంటదేమో సార్, ఇంక చిన్నపిల్ల గద" అని నసిగింది. ఇంట్లో ఉంచుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు? మళ్లీ సిరిసిల్ల పంపాలంటే ఏ మొహం పెట్టుకుని పంపాలి? రెండోది అత్తమ్మ. పరీక్ష సంగతి నా భార్యే వాళ్లమ్మకు చెప్పింది. నేను ఫోన్ మూడుసార్లు చేతిలోకి తీసుకుని మూడుసార్లూ పెట్టేశాను. మొహం చెల్లలేదు.

ఆ వారమే ఒక పొద్దున తలుపు తీస్తే అత్తమ్మ నిలబడి ఉంది. తొలి బస్సుకు వేములవాడ వచ్చి, అక్కడ ఇంకో బస్సు మారి వచ్చింది. చేతిసంచిలో గుడ్డలో చుట్టిన సర్వపిండి రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. మా పెళ్లయి ఆరేళ్లు. ఆరేళ్లలో ఆమె నా ఎదుట కుర్చీలో కూర్చోలేదు, నా మొహంలోకి సూటిగా చూడలేదు. కొంగు తల మీద కప్పుకుని, గోడకో పాపకో చెబుతున్నట్టు మాట్లాడుతుంది. "మంచిగున్నరా" అని నన్ను కూడా గుమ్మాన్నే చూస్తూ అడిగింది. ఫోన్ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. పాప మాత్రం అమ్మమ్మ మెడకు వేలాడి, బడి వార్తలన్నీ గల్లీకంతటికీ వినబడేట్టు చెప్పింది. అత్తమ్మ అన్నీ విని కూతురితో, "నేను ఒక్కపారి బడి సూత్త" అంది.

నేనే తీసుకెళ్లాను. పాప లోపలికి పరిగెత్తింది. అత్తమ్మ, నేను కిటికీ పక్కన వరండాలో నిలబడ్డాం. లోపల అంగడి లొల్లి. మేడం రిజిస్టరు తెరిచి, తల దించుకుని పేర్లు పిలుస్తోంది. పిల్లలు ఒకరి మీద ఒకరు "ఎస్ మేడం" అని అరుస్తున్నారు. మా బిడ్డ పేరు వచ్చింది. పాప కుడిచెయ్యి భుజం దాకా లేపి, అరచెయ్యి తెరిచి చూపించి, దించింది. మేడం తల ఎత్తలేదు, మళ్లీ పిలిచింది. పాప మళ్లీ చెయ్యి ఎత్తింది, ఈసారి కాస్త విసుగ్గా. మూడోసారి పిలిచేసరికి పాప నొసలు ముడివేసి చెయ్యి గాలిలో ఊపింది. మేడం రిజిస్టరులో ఏదో గీసుకుని తర్వాతి పేరుకు వెళ్లిపోయింది.

నా పక్కన అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, భుజాలు కదిలేట్టు నవ్వుతోంది.

"పలుకుతనే ఉన్నది గద!" అంది, గోడతో. "ఎవలన్న సూత్తె గద!"

తర్వాత కిటికీ దగ్గరికి జరిగి, కడ్డీల మధ్య నుంచి చెయ్యి ఊపింది. అంత గోలలోనూ పాప కంటికి అది ఆనింది. అక్కడి నుంచి ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఒక్క మాట లేకుండా. అత్తమ్మ కంటి కింద వేలు గీసింది: ఏడ్చినవా? పాప అరచెయ్యి అడ్డంగా తిప్పింది: లేదు. అత్తమ్మ వేళ్లు మడిచి పిలిచింది: వస్తవా? పాప చాప మీద చరిచి, రెండు చేతులూ ముందుకు తోసింది. అమ్మమ్మా నువ్వు పో, నాకు పనుంది అని. అత్తమ్మ అది నాకు చెబుతూ పొంగిపోయింది.

నేను తెల్లమొహం వేశాను. ఆరేళ్లుగా సిరిసిల్ల వెళ్తున్నాను. కార్ఖానాలో మామ, అత్తమ్మ చేతులతో మాట్లాడుకోవడం ఎన్నిసార్లు చూశానో. నలుగురు అరిచినా వినబడని చోట నోటితో మాట్లాడేవాళ్లెవరు? చూశాను కానీ, అది మాట్లాడటమని నాకు తోచలేదు. పాపకు మాత్రం అదే లోకం. నెమ్మదిగా ఉన్న చోట నోరు, మోత ఉన్న చోట చెయ్యి. ముప్పై మంది పిల్లల గది దాని లెక్కలో ఇంకో కార్ఖానా. అందుకే మొదటి రోజు సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. టీవీ మోగుతుంటే నేను వెనకనుంచి పిలిచిన పిలుపు దానికి పిలుపే కాదు. కార్ఖానాలో ఎవరినైనా పిలవాలంటే ముందుకు వచ్చి కనబడాలి, లేకపోతే భుజం తట్టాలి.

మేడం బయటికి వచ్చింది. అత్తమ్మ ఆమెకు చెప్పింది. బడి గడప తొక్కని మనిషి, మేడం అంటే భయపడుతూనే, చెప్పాల్సినదంతా చెప్పింది.

"మరి లైటు బంద్ జేస్తే టిఫిన్ ఎందుకు తీస్తదమ్మా?" అని మేడం అడిగింది.

అత్తమ్మకు మళ్లీ నవ్వొచ్చింది. "కార్ఖానల మా ఆయనను బువ్వకు ఎట్ల పిలుత్తమమ్మా? ఒర్రితే ఇనవడదాయె. నేను వంటింట్లకెల్లి కార్ఖానల లైటు బుగ్గ ఆర్పి ఏత్త. బుగ్గ ఆరిందంటే బువ్వ ఐనట్టు. గీ పిల్ల తాతకన్న ముందుగాల పోయి చేతులు కడుక్కునేది."

మేడం తల పట్టుకుని నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది. "నేను రిజిస్టరు మొఖం సూసిన గని పిల్ల మొఖం సూడలే" అంది. అట్లా చెప్పగలిగిన టీచరు దొరకడం మా అదృష్టం. ఆ రోజు అరిచినందుకు ఆమెకు క్షమాపణ చెప్పబోతే, "మీరన్నదాంట్ల తప్పేమున్నది సార్, మా క్లాసుల లొల్లి ఎక్కువనే" అంది.

తర్వాతి మూడు రోజులు ఆ బడిలో జరిగినది విని, మా ఇంట్లో నవ్వులే నవ్వులు. మేడం హాజరు పిలుస్తూ తల ఎత్తి చూడటం మొదలుపెట్టింది. పాప చెయ్యి చూసి పక్క పిల్ల చెయ్యి ఎత్తింది, దాన్ని చూసి వెనక పిల్లవాడు. రెండో రోజుకు క్లాసంతా చేతులే. నీళ్లకొక సైగ, బాత్రూముకొక సైగ, వాడు నన్ను కొట్టాడనడానికి ఒక సైగ. మా బిడ్డ గురువు. నర్సరీలో చప్పుడు లేదేమిటని పెద్ద మేడం పరిగెత్తుకుని వచ్చి చూసిందట. మూడో రోజు, గది అట్లా నెమ్మదిగా ఉన్నప్పుడే, మేడం హాజరు పిలిచింది. నెమ్మదిగా ఉన్న చోట నోరు కదా! పాప మొదటిసారి "ఎస్ మేడం!" అంది. అది ఎంత గట్టిగా అందంటే, పక్క సెక్షన్ పిల్లలు కూడా "ఎస్ మేడం" అన్నారట.

నా సంగతి మాత్రం తేలలేదు. అత్తమ్మ నాలుగు రోజులు ఉంది. నేను "అత్తమ్మా, ఆ రోజు..." అని మొదలుపెట్టగానే ఆమెకు వంటింట్లో ఏదో మాడే వాసన వచ్చేది. అల్లుడి నోటి నుంచి తప్పయిందన్న మాట వినడం ఆమెకు మర్యాద కాదు. చెప్పకుండా ఉండటం నాకు ప్రాణం మీదికి వచ్చింది.

ఆదివారం ఆమెను బస్సెక్కించడానికి పాపను ఎత్తుకుని వెళ్లాను. వేములవాడ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అత్తమ్మకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఇంకెప్పుడు చెబుతాను అనుకుని కిటికీ కిందికి వెళ్లాను.

"అత్తమ్మా, ఆ రోజు ఫోన్ల నోరు జారిన. తప్పయింది."

బస్సు ఇంజను, పక్కన వెనక్కి వస్తున్న ఇంకో బస్సు హారను, పైన మైకు. ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టి, ఏంది అన్నట్టు చూసింది. ఇంకా గట్టిగా అరిచాను. అటు ఇటు నలుగురు నన్ను చూశారు కానీ ఆమెకు వినబడలేదు. మూడోసారి గొంతు చించుకుంటుంటే పాప నా నోటి మీద చెయ్యి పెట్టి మూసేసింది. నా తెలివికి దానికి విసుగొచ్చినట్టుంది. అమ్మమ్మ వైపు తిరిగి, వేలితో నన్ను చూపించి, రెండు చేతులతో తన రెండు చెవులూ పట్టుకుంది.

అత్తమ్మ పాపను చూసింది. తర్వాత నన్ను చూసింది, సూటిగా, మొహంలోకి. గాలికి కొంగు తల మీద నుంచి జారితే సర్దుకోలేదు. వేలితో నన్ను చూపించి, ఆ వేలినే కణత దగ్గర గిర్రున తిప్పింది. తిప్పి, పళ్లన్నీ కనబడేట్టు నవ్వింది. బస్సు కదిలింది, మోత తగ్గింది.

"అమ్మమ్మ ఏమన్నదే బిడ్డా?" అని అడిగాను, తెలిసి కూడా.

"నిన్ను పిచ్చోడా అన్నది!" అని పాప బస్టాండు మొత్తానికీ చెప్పింది. తర్వాత నా మొహం చూసి, నేను బాధపడ్డాననుకుందో ఏమో, నా బుగ్గ మీద చెయ్యి వేసి ఓదార్చింది. "ఏం గాదు బాపూ. అమ్మను సుత గట్లనే అంటది, నన్ను సుత గట్లనే అంటది. బయటోళ్లను అనది."